జంట సొరంగాలు: తవ్వే వరుసను బట్టి నేల నిలకడ

భిలాయి అనగానే ఎవరికైనా ఉక్కు గుర్తుకు వస్తుంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొన్నది. 1959 ఫిబ్రవరి 4న దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. అప్పట్లో మధ్యప్రదేశ్‌లో భాగమైన ఈ ప్రాంతం 2000 నవంబరు 1న అవతరించిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి వచ్చింది. దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో నిండిన ఈ నగరంలో తెలుగువారు కూడా గణనీయమైన సంఖ్యలో ఉన్నారు.

భిలాయిలో తయారైన రైలు పట్టాలు దేశమంతటా పరుచుకొని ఉన్నాయి. అయితే ఉక్కు సేవ నేలపైనే ముగిసిపోదు. నిర్మాణాలలో వాడే దూలాలు, కడ్డీలు కూడా ఉక్కు మిల్లుల నుంచే వస్తాయి. అటువంటి దూలాలను విల్లువలె వంచి, సొరంగాలలో పైకప్పును ఆపే పక్కటెముకలుగా నిలబెడతారు. కాని ఎంత దళసరి ఉక్కు పెట్టినా, ఎంత మంచి కాంక్రీటు పోసినా, తవ్వే వరుస తప్పితే సొరంగం నిలవదు. ఒక సొరంగం పక్కనే రెండవ సొరంగం తవ్వవలసి వచ్చినప్పుడు, అందులోనూ అవి నేలకు దగ్గరగా ఉన్నప్పుడు, ఈ మాట మరింత నిజమవుతుంది.

ఈ సమస్య భిలాయివాసులకు కొత్తది కాదు. హౌరా–ముంబయి రైలుమార్గం ఈ పట్టణాన్ని రెండుగా చీలుస్తూ సాగిపోతుంది. ఉక్కునగరం ఒకవైపు, సుపేలా వంటి పేటలు మరొకవైపు ఉన్నాయి. పట్టాల కింద నుంచి వేసిన దారులే ఈ రెండు వైపులనూ కలుపుతున్నాయి. ఇక పట్టణం నుంచి రాయపూర్ మీదుగా తూర్పు తీరానికి ప్రయాణిస్తే దండకారణ్యం, తూర్పు కనుమలు అడ్డు వస్తాయి. అక్కడ కొండలను తొలిచిన సొరంగాలు గాక మార్గం లేదు. చిన్నదైన పట్టాల కింది దారికైనా, పెద్దదైన కొండ సొరంగానికైనా వర్తించే సూత్రం ఒక్కటే.

నేలలో కనిపించని కమాను

సొరంగం తవ్వక ముందు నేల సమతూకంలో ఉంటుంది. ఒక ఘనపు మీటరు మట్టి బరువు సుమారు 2 టన్నులు. కావున 10 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరుపై దాదాపు 20 టన్నుల భారం పడుతూ ఉంటుంది. అక్కడ మట్టిని తొలగిస్తే, అంతవరకు ఆ మట్టి మోసిన భారాన్ని ఇంకెవరో మోయక తప్పదు.

ఆ భారం ఎటు పోతుందో తెలియజెప్పిన ప్రయోగం ఒకటి ఉన్నది. మృత్తికా యాంత్రికశాస్త్రానికి ఆద్యుడుగా పేరుపొందిన కార్ల్ టెర్జాగి ఇసుక నింపిన పెట్టె అడుగున చిన్న తలుపు అమర్చి, దానిని మెల్లగా కిందికి దించి చూశారు. ఫలితాలను 1936లో ప్రచురించారు. తలుపు కొద్దిగా దిగగానే దానిమీది బరువు ఎంతగానో తగ్గిపోయింది. పక్కనున్న అడుగు భాగంపై బరువు పెరిగింది. ఇసుక తనకు తానే ఒక కమానుగా ఏర్పడి, భారాన్ని పక్కలకు మళ్లించిందన్నమాట. పాత కట్టడాలలోని రాతి కమాను తలుపు మీది గోడ బరువును రెండు వైపులా ఉన్న స్తంభాలకు ఎట్లా చేరవేస్తుందో, నేల కూడా అట్లే చేస్తుంది.

ఈ కమానుకు రెండు అవసరాలు ఉన్నాయి. ఒకటి, పైన తగినంత మందం. సొరంగం పైకప్పు మీద దాని వ్యాసానికి రెండింతలైనా నేల లేకపోతే కమాను పూర్తిగా ఏర్పడటం కష్టం; ఇటువంటి వాటినే స్థూలంగా తక్కువ లోతు సొరంగాలని అంటారు. రెండవది, కమాను కాళ్లు ఆనడానికి ఇరుపక్కలా గట్టి నేల. పక్కన రెండవ సొరంగం తవ్వితే దెబ్బతినేది ఈ రెండవ అవసరమే. మొదటి కమాను ఏ నేలమీద కాలు మోపిందో, ఆ నేలనే తొలగిస్తున్నాము.

మధ్యగోడ మోసే బరువు

రెండు సొరంగాల నడుమ మిగిలే నేలను మధ్యగోడ అనవచ్చు. దానిపై పడే ఒత్తిడిని ఒక చిన్న లెక్కతో అంచనా వేయవచ్చు. గుండ్రని రంధ్రం చుట్టూ ఒత్తిడి ఎట్లా మారుతుందో 1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ సూత్రబద్ధం చేశారు. నేలలో అన్ని దిక్కులా సమానమైన ఒత్తిడి ఉన్నదనుకొంటే, రంధ్రపు అంచున ఆ ఒత్తిడి రెట్టింపు అవుతుంది. అంచు నుంచి వ్యాసంలో సగం దూరం పోతే 25 శాతం మాత్రమే అదనం. ఒక పూర్తి వ్యాసమంత దూరం పోతే అదనం 11 శాతానికి దిగుతుంది.

ఇప్పుడు రెండవ రంధ్రాన్ని చేర్చి, రెండింటి ప్రభావాలను కూడి చూద్దాం. సొరంగాల నడుమ రెండు వ్యాసాల ఎడం ఉంటే మధ్యగోడ నడిబొడ్డున ఒత్తిడి సుమారు 22 శాతం పెరుగుతుంది. ఒక వ్యాసమంతే ఎడం ఉంటే 50 శాతం పెరుగుతుంది. సగం వ్యాసమే ఉంటే దాదాపు 90 శాతం పెరుగుతుంది. ఇది స్థూలమైన లెక్కే; నేల సాగుతుందని, పగులుతుందని, నీటితో నానుతుందని ఇందులో లేదు. అయినా ఎడం తగ్గేకొద్దీ ప్రమాదం ఎంత వేగంగా పెరుగుతుందో ఇది స్పష్టం చేస్తుంది. అందుకే సాధారణంగా ఒక వ్యాసానికి తగ్గకుండా ఎడం ఉంచాలని ఇంజనీర్లు చూస్తారు. స్థలం చాలక అంతకన్నా దగ్గరగా తవ్వవలసివస్తే ప్రత్యేకమైన ఏర్పాట్లు అవసరమవుతాయి.

ఈ లెక్కలో ఒక లోపం ఉన్నది. అది రెండు సొరంగాలూ ఒకే క్షణంలో పుట్టినట్లు భావిస్తుంది. వాస్తవంలో ఒకటి ముందు, ఒకటి వెనుక వస్తాయి. మొదటిదానికి తాకని నేల దొరుకుతుంది. రెండవదానికి దొరికేది అప్పటికే ఒకసారి సడలిన, ఒకవైపు అదనపు బరువు మోస్తున్న నేల. ఒకే కొలత, ఒకే లోతు, ఒకే పనివారు ఉన్నా రెండింటి ఫలితాలు ఒకటి కాకపోవడానికి ఇదే కారణం. వరుస ప్రశ్న పుట్టేది ఇక్కడే.

పై నేల కుంగే తీరు

సొరంగం తవ్వుతున్నప్పుడు చుట్టూ ఉన్న మట్టి కొంత లోపలికి జరుగుతుంది. అనుకొన్న కొలత కంటే కొద్దిగా ఎక్కువ మట్టి బయటికి వస్తుంది. ఈ అదనాన్ని మట్టి నష్టం అంటారు. దాని ఫలితంగా పై నేల పళ్లెం ఆకారంలో కుంగుతుంది. ఈ పల్లం ఆకృతి గణితశాస్త్రంలోని గంట ఆకారపు వక్రరేఖను పోలి ఉంటుందని అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ పెక్ 1969లో మెక్సికో నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వివరించారు.

ఉదాహరణకు 6 మీటర్ల వ్యాసం గల సొరంగాన్ని బంకమట్టిలో, దాని కేంద్రం 15 మీటర్ల లోతున ఉండేటట్లు తవ్వుతున్నామనుకొందాం. మట్టి నష్టం 1 శాతమైతే సరిగ్గా సొరంగం పైన నేల సుమారు 15 మిల్లీమీటర్లు కుంగుతుంది. దానికి 12 మీటర్ల దూరంలో కేంద్రం ఉండేటట్లు అటువంటిదే మరొకటి తవ్వితే, రెండు పల్లాలు కలిసి, వాటి నడుమ నేల దాదాపు 22 మిల్లీమీటర్లు కుంగుతుంది. కుంగుబాటు అతి ఎక్కువగా ఉండే చోటు సొరంగం నెత్తి నుంచి మధ్యగోడ మీదికి జరిగిందన్నమాట.

అనుభవంలో ఇంతకన్నా ఎక్కువే కనిపిస్తుంది. సడలిన నేలలో తవ్విన రెండవ సొరంగానికి మట్టి నష్టం మొదటిదానికన్నా హెచ్చుగా ఉండటం, దాని పల్లం మొదటి సొరంగం వైపు ఒరగటం అనేక చోట్ల గమనించారు. మిల్లీమీటర్ల లెక్క అల్పంగా తోచవచ్చు. అయితే ఇల్లంతా సమంగా 20 మిల్లీమీటర్లు దిగితే గోడలకు పెద్ద హాని ఉండదు. ఒక మూల దిగి మరొక మూల నిలిచి ఉంటే గోడలు పగుళ్లిస్తాయి; తలుపులు పట్టేస్తాయి. జంట సొరంగాల పైన ఉన్న ఇల్లు రెండుసార్లు, రెండు వేర్వేరు దిక్కులకు వంగుతుంది.

వరుసను నిర్ణయించే సూత్రాలు

సొరంగాలు పక్కపక్కన ఉన్నప్పుడు పాటించే మొదటి నియమం, రెండు తవ్వకపు ముఖాలు ఒకే వరుసలో ముందుకు సాగరాదన్నది. తవ్వకపు ముఖం అంటే సొరంగం లోపల తాజాగా తవ్వుతున్న చివరి గోడ. దాని ప్రభావం ముందున్న నేలలో ఒకటి రెండు వ్యాసాల దూరం వరకు వ్యాపిస్తుంది. ముఖం దాటిపోయిన తరువాత కూడా మరికొన్ని వ్యాసాల దూరం వెళ్లేవరకు నేల కదలిక ఆగదు. రెండు ముఖాలు పక్కపక్కనే సాగితే, రెండు కదలికలు ఒకే చోట, ఒకే సమయంలో, ఆధారం లేని మధ్యగోడపై పడతాయి. ఒకదానిని ముందు నడిపి, రెండవదానిని కొన్ని వ్యాసాల దూరం వెనుక ఉంచితే, రెండవది వచ్చేసరికి మొదటిదాని కాంక్రీటు గట్టిపడి ఉంటుంది. కాంక్రీటు పూర్తి బలాన్ని లెక్కించేది 28 రోజులకు. సొరంగంలో కొట్టిన గంటలకే దానిపై భారం పడటం మొదలవుతుంది. కావున దూరమే కాదు, కాలం కూడా లెక్కలోకి వస్తుంది.

ఒకదానిపై ఒకటిగా ఉండే సొరంగాలలో సాధారణంగా కిందిదానిని ముందు తవ్వుతారు. పైదానిని ముందు కట్టి, తరువాత దాని కింద తవ్వితే పై సొరంగం ఆనుకొన్న పీఠమే కదిలిపోతుంది. కిందిది ముందుగా పూర్తయి గట్టిపడితే, తరువాత పైన తవ్వినప్పుడు దానిమీది బరువు కొంత తగ్గి అది స్వల్పంగా పైకి లేస్తుందే గాని, ఆధారం కోల్పోదు.

మూడవది ఒకే సొరంగం లోపలి వరుస. పెద్ద సొరంగాన్ని బలహీనమైన నేలలో ఒకేసారి నిండుగా తవ్వరు. మొదట పై సగం, తరువాత కింది సగం, చివర అడుగు భాగం తవ్వుతారు. నేల మరీ మెత్తగా ఉంటే నిలువునా భాగాలు చేసి, ఒక పక్కను తవ్వి తాత్కాలిక గోడ నిలిపి, ఆపైన రెండవ పక్కను తవ్వుతారు. ఏ భాగం తవ్వినా వెంటనే షాట్‌క్రీటు, అనగా గొట్టంతో వేగంగా చిమ్మే కాంక్రీటు, గోడలకు కొట్టాలి. అడుగు భాగాన్ని కూడా కాంక్రీటుతో మూసి వలయం పూర్తి చేసేవరకు సొరంగం నిలకడ పొందదు. బండి చక్రానికి ఇనుప పట్టా పూర్తిగా చుట్టుకొన్నప్పుడే బలం. ఒక్క జానెడు వెలితి ఉన్నా అది పట్టా కాదు, వంగే రేకు మాత్రమే.

నాలుగవది, ఎడం బొత్తిగా లేనప్పటి ఏర్పాటు. ఇక్కడ వరుస తలకిందులవుతుంది. రెండు సొరంగాలకన్నా ముందు వాటి నడుమ ఒక చిన్న సొరంగం తవ్వి, అందులో గట్టి కాంక్రీటు గోడ కడతారు. ఆ తరువాతే ఒక పక్కను, మరికొంత ఆలస్యంగా రెండవ పక్కను తవ్వుతారు. రెండు కమానులూ కాలు మోపే స్తంభాన్ని కమానుల కన్నా ముందే నిలబెట్టడం ఇందులోని యుక్తి. రెండు సొరంగాలను అక్కడక్కడ కలిపే అడ్డదారులను మాత్రం చివరగా తవ్వుతారు. పూర్తయిన వలయానికి కన్నం పెట్టడమంటే దాని బలాన్ని కొంత తీసివేయడమే. అందుచేత ఆ చోట ముందుగా అదనపు ఆధారం కల్పించాలి.

ఇన్ని నియమాలు ఉన్నా అన్ని చోట్లకూ సరిపడే ఒకే వరుస లేదు. కొండవాలులో తవ్వేటప్పుడు ఒక సొరంగంపై నేల ఎక్కువ, రెండవదానిపై తక్కువ ఉంటుంది. ఒకవైపు పాత ఇళ్లు, మరొకవైపు ఖాళీ స్థలం ఉండవచ్చు. ఏది ముందు అన్నది ఆయా నేలను పరీక్షించి, లెక్కకట్టి, నిర్ణయించుకోవలసిందే.

హీత్రో నేర్పిన పాఠం

వరుసను, ఆధారాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో లండన్‌లోని హీత్రో విమానాశ్రయం చూపింది. విమానాశ్రయానికి రైలు సౌకర్యం కల్పించడానికి అక్కడి బంకమట్టిలో మూడు సమాంతర సొరంగాలను షాట్‌క్రీటు పద్ధతిలో తవ్వుతున్నారు. మధ్యది ప్రయాణికులు నడిచే సొరంగం. ఇరుపక్కలవి రైలు వేదికలకు ఉద్దేశించినవి. అసలు పని చేపట్టక ముందు 1992లో అక్కడే ఒక ప్రయోగ సొరంగంలో మూడు రకాల తవ్వకపు వరుసలను పోల్చి చూశారు కూడా. అయినా 1994 అక్టోబరు 21 తెల్లవారుజామున సొరంగాలు కూలడం మొదలై, విమానాశ్రయం నడిబొడ్డున నేల పెద్ద గొయ్యిగా కుంగింది. పనివారు ముందే బయటికి వచ్చినందున ప్రాణనష్టం జరగలేదు.

బ్రిటన్ భద్రతా శాఖ జరిపిన దర్యాప్తు నివేదిక 2000లో వెలువడింది. మధ్య సొరంగపు అడుగు భాగాన్ని ఆరంభంలోనే నాసిగా కట్టారు. పై భవనాన్ని ఎత్తిపట్టడానికి నేలలోకి సిమెంటు ద్రవాన్ని ఎక్కించినప్పుడు అది మరింత దెబ్బతిన్నది. మరమ్మతులు సరిగా జరగలేదు. ఆ స్థితిలో దాని పక్కనే, అప్పటికే బలం కోల్పోతున్న నేలలో, సమాంతర సొరంగాన్ని ముందుకు తవ్వారు. కొలతలు ప్రమాదాన్ని సూచిస్తున్నా వాటిని సకాలంలో చదివి పని ఆపినవారు లేరు. మొదటిది నిలకడ పొందినదని రుజువు కాకుండా రెండవది మొదలుపెట్టరాదన్న సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

కలకత్తా అనుభవం

మన దేశంలో ఇళ్ల కింద జంట సొరంగాలు తవ్విన నగరాలలో కలకత్తా ఒకటి. అక్కడి తూర్పు–పడమర మెట్రో మార్గంలో ఎస్ప్లనేడ్, సియాల్దా స్టేషన్ల నడుమ ‘చండి’, ‘ఊర్వి’ అనే రెండు సొరంగ యంత్రాలు పనిచేశాయి. 2019 ఆగస్టు 31న బౌబజారు పేట కింద చండి యంత్రం నీటిపొరను తాకింది. నీరు, ఇసుక సొరంగంలోకి ఉరికివచ్చాయి. పైన పాత ఇళ్లు కొన్ని కూలిపోయాయి; మరికొన్ని పగిలిపోయాయి. వందలాది మంది కట్టుబట్టలతో ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది.

ఈ ప్రమాదానికి మూలకారణం నీరే గాని, తవ్విన వరుస కాదు. అయితే ఆ తరువాత పని సాగిన తీరులో వరుస ప్రాధాన్యం కనిపిస్తుంది. పక్క సొరంగంలోని ఊర్వి యంత్రాన్ని కూడా ఆపివేశారు. మొదట నేలలోకి సిమెంటు ద్రవం ఎక్కించి గట్టిపరచారు. తరువాతే ఊర్వి కదిలి 2020 అక్టోబరులో సియాల్దా చేరింది. అక్కడ దానిని వెనుకకు తిప్పి, చండి వదిలిపెట్టిన సొరంగంలో మిగిలిన భాగాన్ని ఎదురు దిక్కు నుంచి తవ్వించారు. 2021 మేలో ఆ తవ్వకం ముగిసింది. అయినా నేల శాంతించలేదు. 2022లో మిగిలిన పనులు జరుగుతుండగా బౌబజారులో మళ్లీ ఇళ్లు పగుళ్లిచ్చాయి. ఒకసారి చెదరిన నేల సంవత్సరాల తరువాత కూడా ఆ చెదరుపాటును మరచిపోదని ఇది తెలుపుతున్నది. ఎస్ప్లనేడ్–సియాల్దా మార్గం చివరకు 2025 ఆగస్టు 22న ప్రారంభమైంది.

భిలాయి నుంచి విశాఖ వరకు

ఇక మన ప్రాంతానికి వద్దాం. భిలాయి వంటి పట్టణాలలో పట్టాల కింద దారి వేయడానికి తరచు వాడే పద్ధతిలో, గట్టు పక్కన పోతపోసిన కాంక్రీటు పెట్టెను జాకీలతో మెల్లగా మట్టిలోకి నెడతారు. రైళ్లు ఆగవు; వేగం మాత్రం తగ్గిస్తారు. పెట్టె మొన దగ్గర మట్టిని కొద్దికొద్దిగా తవ్వుతూ, తవ్వినంత మేరకే ముందుకు నెట్టాలి. పెట్టెకు, పట్టాలకు నడుమ ఉండే నేల చాలా పలచన. అక్కడ కమాను ఏర్పడే అవకాశమే లేదు. రాకపోకలకు రెండు పెట్టెలు పక్కపక్కన అవసరమైతే రెండింటినీ ఒకేసారి నెట్టకుండా, ఒకటి తన స్థానంలో స్థిరపడి, చుట్టూ ఉన్న ఖాళీలు సిమెంటు ద్రవంతో నిండిన తరువాత రెండవదానిని నెట్టడం క్షేమకరం. లేకపోతే రెండవ పెట్టె తన రాపిడితో నడిమి మట్టిని లాగి, మొదటిదానిని, పైనున్న పట్టాలను కూడా కదిలించే ప్రమాదం ఉన్నది.

పెద్ద సొరంగాల విషయానికి వస్తే, రాయపూర్–విశాఖపట్నం నడుమ సుమారు 464 కిలోమీటర్ల పొడవున ఆరు వరుసల కొత్త రహదారి నిర్మాణం చేపట్టారు. ఇది ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలను కలుపుతూ సబ్బవరం వద్ద ముగుస్తుంది. కేశ్‌కాల్ కొండల ప్రాంతంలో ఈ మార్గంపై 2.79 కిలోమీటర్ల జంట సొరంగం ఉన్నది. పోయే వాహనాలకు ఒక గొట్టం, వచ్చే వాహనాలకు మరొక గొట్టం. వాటిలో ఒకదాని తవ్వకం 2025లో ఆ చివరి నుంచి ఈ చివరకు తెరచుకొన్నది. కొండ నడుమ ఇటువంటి సొరంగాలపై రాయి మందంగా ఉంటుంది. కాని ఎంతటి కొండ సొరంగమైనా ముఖద్వారాల దగ్గర తక్కువ లోతు సొరంగమే. అక్కడ రాయి వాతావరణానికి నలిగి మెత్తబడి ఉంటుంది. అందుకే ద్వారం దగ్గర చిన్న చిన్న అడుగులుగా తవ్వి, లోపలి గట్టి రాయి చేరిన తరువాతే వేగం పెంచుతారు.

విశాఖ నుంచి బైలదిల్లా ఇనుప గనులకు పోయే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మరొక రకమైన సమస్యకు ఉదాహరణ. 1960లలో తూర్పు కనుమలను తొలిచి నిర్మించిన ఈ ఒంటి మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. దీనిని జంట మార్గంగా మార్చే పనులు చేపట్టారు. మొదటి సొరంగానికి, దాని పక్కన వచ్చే రెండవదానికి నడుమ అర్ధశతాబ్దపు అంతరం ఉన్నది. మొదటిదానిలో రైళ్లు నడుస్తూనే ఉంటాయి. ఇటువంటి చోట్ల వరుసను మార్చే స్వేచ్ఛ ఇంజనీరుకు లేదు. కాలం దానిని ముందే నిర్ణయించింది. చేయగలిగింది ఎడం పెంచడం, మందుగుండు మోతాదు తగ్గించి పేలుళ్లను క్షణకాలపు తేడాతో విడదీయడం, పాత సొరంగపు గోడలలో కంపనాన్ని నిత్యం కొలవడం. ఆవలి పేలుడు పాత కాంక్రీటును పగలగొట్టకుండా చూడటమే ఇక్కడ ప్రధాన విషయం.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టులో కూడా రెండు సమాంతర సొరంగాలు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు. ఒకదాని వ్యాసం 7 మీటర్లు, రెండవదానిది 9.2 మీటర్లు. మొదటిదాని తవ్వకం 2021లో, రెండవదానిది 2024లో పూర్తయ్యాయి. నల్లమల కొండల అడుగున సాగే ఈ సొరంగాలు చాలా లోతైనవి గనుక పై నేల కుంగే భయం తక్కువ. తవ్వకపు వరుస విషయంలో తక్కువ లోతు సొరంగాలకూ లోతైన వాటికీ గల తేడాను ఈ పోలిక చూపుతుంది.

సింగరేణి గని కార్మికునికి తెలిసిన సంగతి

నేల వరుసను మన్నిస్తుందన్న సత్యం తెలుగు నేలపై సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు తరతరాలుగా తెలుసు. భూగర్భ గనిలో మొదట గ్యాలరీలు తవ్వి, వాటి నడుమ చదరపు పిల్లర్లను వదులుతారు. గని లోతు పెరిగేకొద్దీ పిల్లర్ల కొలత పెంచాలని గనుల నిబంధనలు ఆదేశిస్తాయి. తరువాత ఆ పిల్లర్లలోని బొగ్గును కూడా తీస్తారు. ఆ పని ఇష్టం వచ్చిన చోట మొదలుపెట్టరు. దూరపు కొస నుంచి మొదలుపెట్టి వెనుకకు వస్తూ, ఏటవాలు గీతగా పిల్లర్లను తీస్తారు. వెనుక పైకప్పు కూలే ప్రదేశాన్ని గోఫ్ అంటారు. కార్మికుడు ఎప్పుడూ గోఫుకు ఎదురుగా, గట్టి నేలకు వీపు పెట్టి ఉంటాడు. నడుమ ఒక పిల్లర్‌ను తప్పుగా తీస్తే దాని బరువు పొరుగు పిల్లర్లపై పడి, అవి ఒకటి తరువాత ఒకటిగా నలిగిపోవచ్చు. జంట సొరంగాల మధ్యగోడ విషయంలో ఇంజనీరు లెక్కకట్టేది, గనిలో అనుభవజ్ఞుడైన కార్మికుడు చెవితో వినేది ఒకే సంగతి.

కొలతే కాపలా

ఎంత జాగ్రత్తగా వరుస నిర్ణయించినా నేల గర్భంలో ఏమున్నదో ముందుగా సంపూర్ణంగా తెలియదు. అందుచేత తవ్వుతూనే కొలవాలి. సొరంగం గోడల మధ్య దూరం ఎంత తగ్గుతున్నదో, పై నేల ఎంత కుంగుతున్నదో, ఇళ్ల గోడలు ఎంత ఒరుగుతున్నవో, భూగర్భజలం ఎంత దిగుతున్నదో ప్రతిదినం నమోదు చేస్తారు. కదలిక క్రమంగా తగ్గుముఖం పడితే నేల కుదుటపడుతున్నదని అర్థం. తగ్గవలసిన కదలిక తగ్గక నిలకడగా సాగినా, పెరిగినా పక్క సొరంగంలో పని ఆపాలి. ఎంత కదిలితే హెచ్చరిక, ఎంత కదిలితే పని నిలుపుదల అన్నది పని మొదలుకాక ముందే కాగితంపై రాసి ఉండాలి. ఆపే అధికారం ఎవరికున్నదో కూడా ముందే తేలి ఉండాలి. హీత్రోలో లోపించినది ఇదే.

వరుస పాటించడానికి ఖర్చు అవుతుంది. ఒక ముఖం ముందుకు సాగుతుంటే రెండవ ముఖంలో యంత్రాలు, పనివారు వేచి ఉండవలసి వస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ రెండు ముఖాలనూ ఒకేసారి నడిపించాలన్న ఒత్తిడి పెరుగుతుంది. అయితే ఆదా చేసిన ఆ కొద్ది వారాల వెలను, నేల తప్పితే పైన ఇళ్లలో నిద్రించేవారు, లోపల పనిచేసేవారు చెల్లించవలసి వస్తుంది. కూలిన సొరంగాన్ని తిరిగి కట్టడానికి పట్టే కాలం ముందు, మొదట వేచి ఉండే కాలం ఏపాటిది?

ఉక్కు, కాంక్రీటు కర్మాగారాలలో తయారవుతాయి. వాటి బలాన్ని ముందే పరీక్షించవచ్చు. సొరంగాన్ని అసలు మోసేది మాత్రం దాని చుట్టూ ఉన్న నేలే. దానిని కర్మాగారంలో తయారుచేయలేము. దొరికినదానిని దొరికినట్లు కాపాడుకోవలసిందే. మొదటి సొరంగం కుదురుకొనేవరకు ఆగి, మధ్యగోడ బలాన్ని ఎరిగి, ఆ తరువాతే రెండవది తవ్వడం ఆ కాపుదలలో మొదటి మెట్టు. నదులపై వంతెనలు, కొండలలో సొరంగాలు వేసి రాష్ట్రాలను దగ్గర చేసే పనులలో రేపు పాలుపంచుకోబోయే విద్యార్థులు ఈ మెట్టును గుర్తుంచుకోవడం ఎంతైనా అవసరం.